నీళ్ల అడుగున విజయపురి

ప్రాచీన నాగరికత అనగానే మనకు ఈజిప్టు పిరమిడ్లు, మొహెంజొదారో స్నానవాటిక గుర్తుకొస్తాయి. ప్రళయం అనగానే క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన పాంపే గుర్తుకొస్తుంది. పోటీ పరీక్షల్లో అడుగుతారు కనుక అవి చదవాల్సిందే. అయితే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఉన్న చరిత్ర అంతకు తక్కువేమీ కాదు.

1. మునిగిన రాజధాని

మిర్యాలగూడ, కోదాడ పొలాలకు పారే సాగర్ ఎడమ కాల్వ నీళ్లు ఒకప్పటి రాజధాని మీద నిలిచిన నీళ్లే. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అక్కడే ఉండేది. 1926లో ఈ స్థలం వెలుగులోకి వచ్చింది. డ్యామ్ కడితే లోయంతా మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపారు. స్తూపాలు, విహారాలు, కృష్ణ ఒడ్డున స్నానఘట్టం, చుట్టూ మెట్లున్న రంగస్థలం బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలను కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. ఆ కొండే నేటి నాగార్జునకొండ ద్వీపం. 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు.

ఇంకో విశేషం: అక్కడి మహాచైత్యానికి పెద్ద దాత ఒక స్త్రీ. ఆమె శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసిక కూడా కట్టడాలు కట్టించింది. వాళ్ల పేర్లు శాసనాల్లో నేటికీ ఉన్నాయి.

2. ఫణిగిరి

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఈ కొండ పాము పడగలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో ఇక్కడే ఒక కుండలో 3,700కు పైగా సీసపు నాణేలు దొరికాయి.

3. మూసీ ఉగ్రరూపం

సూర్యాపేట పక్కగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ, 1908 సెప్టెంబర్ 28న హైదరాబాదును ముంచింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఆపడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

ఏమి నేర్చుకోవాలి?

మూసీ వరద ప్రకృతి తెచ్చింది. విజయపురి మునక మనుషులు తెలిసి తీసుకున్న నిర్ణయం. దానివల్ల లక్షల ఎకరాలు పండాయి, లోయలోని పల్లెలు మాత్రం ఖాళీ అయ్యాయి. మంచి జవాబు రాయాలంటే రెండు వైపులా రాయాలి. ముప్పు కూడా పాతకాలపు ముచ్చట కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన భారీ వానలకు కోదాడ ప్రాంతం మునిగింది, సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది.

రాజుల చరిత్ర రాళ్ల మీద ఉంది. మన తాతలు, అమ్మమ్మలు చూసిన వరదలు, వలసలు ఏ రాతిమీదా లేవు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఊరు పేరు, సంవత్సరం, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడిగి నోటుబుక్కులో రాసుకోండి. మన ఇళ్లల్లో చదువుకున్నది మనమే కాబట్టి, రాయాల్సిందీ మనమే.

గుర్తుంచుకోండి: 1908 మూసీ వరద, 1926 నాగార్జునకొండ వెలుగులోకి, 1955 సాగర్ శంకుస్థాపన, 1967 కాల్వలకు నీటి విడుదల.