రాబిన్ ఆశ్చర్యోక్తి: అనువాద విచారము

1966 జనవరి 12 నుండి 1968 మార్చి 14 వఱకు అమెరికాలో ప్రసారమైన ‘బ్యాట్‌మన్’ దూరదర్శన ధారావాహికలో, బర్ట్ వార్డ్ ధరించిన రాబిన్ పాత్రకు నియతమైన ఆశ్చర్యోక్తి యొకటి కలదు. అందు ‘హోలీ’ యను విశేషణము స్థిరము. దానిపై నామము సందర్భమును బట్టి మాఱును. తుదను తఱచుగా ‘బ్యాట్‌మన్’ అను సంబోధనము చేరును.

ఇచట ‘హోలీ’ పవిత్రార్థమును వీడి ఆశ్చర్యమును మాత్రమే ద్యోతించును. దానిని ‘పవిత్ర’ యని తెనిఁగించిన భావము చెడును. ‘ఔరా’ వంటి అవ్యయమే తగును. సంబోధనము సంగతి వేఱు. పోషకుని ‘బాబాయీ’ యని పిలిపించుట తెలుఁగు మర్యాదకు సహజమే. కాని ముసుగుల వెనుకనున్న బ్రూస్ వేన్‌కును, అతని పోష్యుఁడగు డిక్ గ్రేసన్‌కును గల సంబంధము కథలో రహస్యము. బంధువాచకము శత్రువుల యెదుట దానికి సూచన యిచ్చును. కావున అనువాదమున విశేషణము మాఱవలెను, మాఱుపేరు నిలువవలెను.