మల్లెతోటలో పీత సాలీడు: పురుగని మందు కొట్టకండి

మల్లెమొగ్గలు కోసేటప్పుడు ఒక్కోసారి తెల్లటి చిన్న పురుగు పీతలాగా పక్కకి నడిచి ఆకు చాటుకి పోతుంది. కొత్త పురుగేదో పట్టిందని కంగారుపడి కొందరు రైతులు వెంటనే మందు కొట్టేస్తుంటారు. అది పంటని తినే పురుగు కాదు, పీత సాలీడు. ఆకునిగాని, మొగ్గనిగాని కొరకదు.

గుర్తుపట్టడం ఎలా?

ఎనిమిది కాళ్ళుంటాయి. ముందరి రెండు జతలు పొడుగ్గా, పీత కాళ్ళలా చాచి ఉంటాయి. ఆడది సెంటీమీటరు లోపే, మగది అంతకన్నా బాగా చిన్నది. పూల మీదుండే కొన్ని జాతుల్లో ఆడవి తెల్లపూల మీద తెల్లగాను, పసుప్పచ్చ పూల మీద కొద్దిరోజుల్లో పసుప్పచ్చగాను మారతాయి. అందుకే తేలిగ్గా కంటబడవు. ఎర్రనల్లికీ ఎనిమిది కాళ్ళే గాని, అది చుక్కంత ఉంటుంది. ఆకు అడుగున గుంపుగా చేరి రసం పీలుస్తుంది. రెండింటినీ ఒకటే అనుకోవద్దు.

ఏం తింటుంది?

ఇది వేటకు గూడు అల్లదు. పూలల్లో కదలకుండా కాచుకుని, వచ్చి వాలిన ఈగల్ని, రెక్కల పురుగుల్ని ఒడిసి పట్టి రసం పీలుస్తుంది. ఒక్కోసారి తేనెటీగల్నీ పడుతుంది, అది నిజమే. మొగ్గలో దూరిన పురుగుని మాత్రం బయటికి లాగి తినలేదు. కాబట్టి అన్నీ సాలీడే చూసుకుంటుందని ఊరుకోకూడదు.

రైతు చేయాల్సింది

పురుగు పట్టిన మొగ్గల్ని ఏరి దూరంగా పూడ్చెయ్యాలి. పురుగు ఇంకా మొదట్లోనే ఉంటే 5 శాతం వేపగింజల కషాయం చల్లుకోవచ్చు. 5 కిలోల వేపగింజల పప్పు దంచి, 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి 100 లీటర్లు చేసుకోవాలి. సాయంత్రంపూట చల్లాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ లాంటి ఘాటు మందులు ఊరికే కొడితే పురుగుతోపాటు సాలీళ్ళూ చస్తాయి. పురుగు మళ్ళీ త్వరగా పెరుగుతుంది, సాలీళ్ళు అంత త్వరగా రావు. అప్పుడు మళ్ళీ మందు, మళ్ళీ ఖర్చు.

కొమ్మలు కత్తిరించేటప్పుడు మడతపడ్డ ఆకులోపల తెల్లటి గుడ్లసంచీ, పక్కనే కాపలాగా తల్లి సాలీడు కనబడితే ఆ ఆకుని అలాగే వదిలెయ్యండి. మందు డబ్బా పట్టుకునే ముందు ఒక్కసారి కాళ్ళు లెక్కపెట్టి, నడక చూడండి. పక్కకి నడిస్తే దాని జోలికి పోవద్దు.