స్లూయిస్ పెట్టెతో ఆచారి అంగడి దుమ్ములోంచి బంగారం పట్టడం ఎలా?

గిద్దలూరులో ఇసుక కడిగి లోహం తీద్దామనుకునేవారు ముందు సగిలేరు మీద ఆశ వదులుకోవాలి. మన నల్లమల వైపు ఉన్నది పలకరాయి, క్వార్ట్‌జైటు. మార్కాపురం పలకలు పుట్టింది ఈ రాతిలోనే. బంగారం పుట్టే రాయి వేరు. కోలారు, రామగిరి, జొన్నగిరి, చిత్తూరు జిల్లా చిగురుగుంట, ఇవన్నీ ధార్వార్ కాలపు పాత శిలల పట్టీలు. అలాంటి పట్టీ సగిలేరు పుట్టేచోటా లేదు, గుండ్లకమ్మ పుట్టేచోటా లేదు. రాతిలో లేనిది ఇసుకలోకి ఎలా వస్తుంది? పైగా అనుమతి లేకుండా ఏటి ఇసుకలో ఖనిజం వెతకడాన్ని 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ఒప్పుకోదు. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంలోకి జల్లెడలు మోసుకెళ్తే అటవీ చట్టాలు కూడా మెడకు చుట్టుకుంటాయి.

మన ఊళ్లో బంగారం ఉన్నది స్వర్ణకారుల అంగళ్లలో, వాళ్లు కూర్చునే నేల మీద. ఆకురాయి రుద్దినప్పుడు రాలిన రజను, తీగ కోసినప్పుడు ఎగిరిన తునక, మెరుగు పెట్టేటప్పుడు బ్రష్షుకు అంటిన పొడి, కుంపటి బూడిదలో పడిన చుక్క, అన్నీ మట్టిలో కలుస్తాయి. ఆచారులు ఆ ఊడ్పును పారెయ్యరు. సంచుల్లో దాచి జలగడిగేవాళ్లకు అమ్ముతారు. తరాలుగా ఈ పనిమీద బతికినవాళ్లు జలగడిగేవాళ్లు. అంగడి ఊడ్పును, ముందున్న కాలవ మట్టిని చెక్క పళ్లెంలో నీళ్లతో తిప్పి అడుగున మిగిలిన రజను తీస్తారు. కర్ణాటకలో కప్పతగుడ్డ వాగుల ఇసుక కడిగిన జలగారులదీ ఇదే విద్య. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలను తాకింది. ఆ ధరల్లో గోనెసంచెడు ఊడ్పును తేలిగ్గా చూడటానికి లేదు.

పళ్లెంతో రోజంతా కడిగినా కొన్ని గంపలకు మించి సాగదు. స్లూయిస్ పెట్టె ఆ పనిని వేగం చేస్తుంది. ఇది రెండువైపులా తెరిచి ఉన్న పొడవాటి తొట్టి. అడుగున అడ్డపట్టీలు ఉంటాయి. పైనుంచి నీళ్లు వదిలి మట్టి వేస్తే తేలికది కొట్టుకుపోతుంది, బరువైనది పట్టీల వెనక ఆగుతుంది. ఇంట్లో బియ్యం గాలిస్తే రాళ్లు అడుగున మిగలడం ఎలాగో ఇదీ అలాగే. కాకపోతే గాలించే చెయ్యి స్థానంలో ఇక్కడ పారే నీరు ఉంటుంది. కాబట్టి నేర్చుకోవాల్సింది పెట్టె కట్టడం కన్నా ఎక్కువగా నీటిని అదుపు చెయ్యడం.

అంకెలు ఒకసారి చూడండి. అదే కొలత నీటితో పోలిస్తే ఇసుక 2.65 రెట్లు బరువు. ఇనుము 7.9, రాగి 8.9, వెండి 10.5, మేలిమి బంగారం 19.3. నీళ్లలో మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువు మేరకు తేలికవుతుంది. ఆ లెక్కన నీటి అడుగున ఇసుకకు మిగిలేది 1.65, బంగారానికి 18.3. అంటే ఒకే పరిమాణం ఉన్న రెండు రేణువుల్లో బంగారం పదకొండు రెట్లు బరువుగా ఉంటుంది. ‘ఒకే పరిమాణం’ అన్న మాట మరిచిపోకండి. పెద్ద ఇసుకరాయి, చిన్న బంగారు పొడి కలిసి పారితే ఈ లాభం కరిగిపోతుంది. అందుకే పెట్టె దగ్గరికి వెళ్లేముందు జల్లెడ పట్టడం తప్పదు.

వానాకాలంలో కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి వెళ్లేవాళ్లు ఈ పెట్టె అక్కడ పనికొస్తుందా అని అడగవచ్చు. పనికిరాదు. వజ్రం సాంద్రత 3.5 మాత్రమే. ఇసుకకు అంత దగ్గరగా ఉన్న రాయి పట్టీల వెనక ఆగకుండా నీళ్లతో బయటికి పోతుంది.

పెట్టె కట్టడం

వడ్రంగితో 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో చేయించుకోవచ్చు. పొడవు నాలుగడుగులు, లోపలి వెడల్పు 15 సెంటీమీటర్లు, పక్కగోడల ఎత్తు 12 సెంటీమీటర్లు. ఇంతకన్నా వెడల్పు చేస్తే నీళ్లు ఎక్కువ కావాలి. గిద్దలూరు ఎండాకాలంలో అది కుదిరే పని కాదు. లోపల నున్నగా రుద్దించి రెండు పూతలు ఎనామెల్ పెయింటు వేయించండి. చెక్క గరుకుగా ఉంటే సన్నటి రజను పగుళ్లలో దూరి బయటికి రాదు.

అడుగు భాగాన్ని రెండుగా చూడండి. నీళ్లు పడే తలవైపు ఒక అడుగు మేర సన్న గాళ్లున్న నల్ల రబ్బరు మ్యాటు పరవండి. దీనిమీద పట్టీలు వద్దు. మెరిసేదేదైనా మొదట ఇక్కడే ఆగుతుంది, నలుపు మీద కంటికి ఇట్టే కనిపిస్తుంది. మిగతా మూడడుగుల్లో పోగులు పైకి తేలిన కార్పెట్ ముక్క పరిచి, దానిమీద పట్టీల చట్రం పెట్టండి. పట్టీలకు అల్యూమినియం యాంగిల్ చాలు. ఎత్తు 6 నుంచి 10 మిల్లీమీటర్లు, మధ్య ఎడం 4 సెంటీమీటర్లు. ఏటి కంకర కడిగేవాళ్లు ఇంకా ఎత్తైనవి వాడతారు గానీ, అంగడి దుమ్ముకు పొట్టి పట్టీలే మేలు. చట్రాన్ని మేకులతో కొట్టెయ్యకుండా, విడదీయడానికి వీలుగా రెండు కొసలా రెక్కనట్లతో బిగించండి. చట్రానికీ కార్పెట్‌కూ మధ్య సందు ఉంటే మాత్రం నీళ్లు కిందినుంచి దూరి పోగైనదాన్ని కడిగేస్తాయి.

కార్పెట్ అవసరమా అని అనుమానం వస్తే కాకసస్ కొండల్లోని స్వానేతి ప్రాంతాన్ని గుర్తుచేసుకోవచ్చు. అక్కడ వాగు నీళ్లలో గొర్రెచర్మాలు పరిచి, ఉన్నిలో చిక్కిన బంగారు పొడి తీసేవారు. ఉన్ని చేసిన పనే ఇక్కడ కార్పెట్ చేస్తుంది.

నీళ్లు

బోరునీళ్లు వదిలి కాలవలో పోనివ్వడం మన ప్రాంతంలో తప్పు, ఆ పద్ధతిలో బంగారం కూడా పోతుంది. నీళ్లను తిప్పి వాడాలి. పెట్టె కింది చివర ఒక పెద్ద టబ్బు పెట్టండి, మట్టి అందులో దిగుతుంది. దాని అంచు దాటిన నీళ్లు 200 లీటర్ల డ్రమ్ములోకి పడాలి. ఆ డ్రమ్ములో అర హెచ్‌పీ మురుగునీటి సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టి, గొట్టంతో నీళ్లను మళ్లీ పెట్టె తలకు ఎక్కించండి. కూలర్ పంపు దీనికి చాలదు. గొట్టానికి ఒక వాల్వు బిగిస్తే ప్రవాహం మీ చేతిలో ఉంటుంది. తడి చేతులతో పని కాబట్టి ఆ ప్లగ్గుకు ఎర్త్ లీకేజి బ్రేకరు లేకుండా స్విచ్చు వెయ్యకండి.

ఎన్ని నీళ్లు కావాలి? మన 15 సెంటీమీటర్ల పెట్టెకు నిమిషానికి 60 నుంచి 80 లీటర్లు. 20 లీటర్ల బకెట్ 15 నుంచి 20 సెకన్లలో నిండితే సరిపోయినట్టే. గొట్టం నీళ్లు నేరుగా మ్యాటు మీద ధారగా పడకూడదు. తలవైపు చిన్న అడ్డపలక పెట్టి, దాన్ని పొర్లి వచ్చేలా చేస్తే నీళ్లు వెడల్పంతా సమంగా పరుచుకుంటాయి.

వాలు అడుగుకు ఒక అంగుళం. అంటే నాలుగడుగుల పెట్టెకు తల నాలుగంగుళాలు ఎత్తుగా ఉండాలి. పక్కల వాలు మాత్రం అసలు ఉండకూడదు. తాపీ మేస్త్రీ వాడే రసమట్టం అడ్డంగా పెట్టి చూసుకోండి. ఒకవైపు ఒరిగితే నీళ్లన్నీ అటే పారి, రెండోవైపు మట్టి మేటవేస్తుంది.

దుమ్మును సిద్ధం చెయ్యడం

ఆచారి గారితో ఒప్పందం ముందే కాగితం మీద రాసుకోండి. సంచి బరువెంత, దొరికినదాంట్లో ఎవరి వాటా ఎంత, మిగిలిన బురద ఎవరిది? బంగారం కంటికి కనిపించాక మాట్లాడుకుంటే స్నేహాలు చెడతాయి.

సంచి విప్పేముందు ముక్కుకు మంచి మాస్కు, చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. కేడీఎం అని జనం పిలిచే నగల అతుకుల్లో కాడ్మియం ఉండేది. అది ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీసే విషం. పాత అంగడి ఊడ్పులో అది ఇంకా ఉండవచ్చు. వెంట్రుకలు, కాగితం ముక్కలు పోవడానికి ఊడ్పును కాల్చే అలవాటు ఉంది. ఇంటి పెరట్లో ఆ పని వద్దు. కాడ్మియం 767 డిగ్రీల వేడికి మరిగి ఆవిరవుతుంది, అంతకన్నా ముందే పొగగా లేవడం మొదలవుతుంది.

దానికి బదులు దుమ్మును బకెట్ నీళ్లలో నానబెట్టి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు నాలుగు చుక్కలు కలపండి. ఈ చుక్కల విలువ పెద్దది. చేతి జిడ్డు, మెరుగు పెట్టే మైనం అంటిన సన్న రజను ఎంత బరువైనా నీటి మీద తేలిపోతుంది. జిడ్డు విడిస్తే మునుగుతుంది. బాగా కలిపి, పైన తేలిన వెంట్రుకలను, చెత్తను పంచెగుడ్డలో వడకట్టి గుడ్డతో సహా దాచండి. లక్క ఉండలు కనబడితే పక్కకు తీసి ఆచారి గారికి తిరిగి ఇవ్వండి. వాటి లోపల రజను ఇరుక్కుని ఉంటుంది, తీయడం ఆయనకు తెలుసు.

తర్వాత తడిగానే మూడు జల్లెడలు పట్టండి: బియ్యం జల్లెడ, రవ్వ జల్లెడ, పిండి జల్లెడ. మొదటిదానిపై నిలిచినదాన్ని తెల్ల పళ్లెంలో పోసి చేత్తో ఏరుకోవచ్చు. మిగతా మూడు రకాలనూ వేరువేరుగా పెట్టెలో కడగాలి, కలపకూడదు.

ముందు సీసంతో పరీక్ష

ఇది దాటవేసేవాళ్లే ఎక్కువ. బంగారం పోయేదీ ఇక్కడే. కంభం చెరువు జాలర్లు వలకు కట్టే సీసం గుళ్లు ఒకటి రెండు కొనుక్కోండి. కత్తిరించి, ఆవగింజ కన్నా చిన్న ముక్కలు యాభై చెయ్యండి, కొన్నిటిని సుత్తితో చదును చెయ్యండి. ఇటుక పనికి తెచ్చిన ఇసుకను రవ్వ జల్లెడ పట్టి, ఒక బకెట్ నిండా తీసుకుని, ఆ యాభై ముక్కలు కలిపి పెట్టెలో కడగండి. తర్వాత మ్యాటు, కార్పెట్ దులిపి లెక్కపెట్టండి. సీసం సాంద్రత 11.3. సీసం ఆగిన చోట అదే పరిమాణం ఉన్న 22 క్యారెట్ల రజను తప్పక ఆగుతుంది. నలభై అయిదుకు తగ్గితే వాలో నీళ్లో మార్చి మళ్లీ చూడండి. ఎక్కువ ముక్కలు తల దగ్గరి రబ్బరు మీదే దొరికితే మీ అమరిక కుదిరినట్టు. చివరి పట్టీల దాకా పరుచుకుని ఉంటే నీటి జోరు ఎక్కువైందని అర్థం. సీసం ముట్టుకున్న చేతులతో తినకండి, పిల్లలకు అందనివ్వకండి.

కడగడం

పంపు వేసి, పట్టీల పైన వేలి గోరంత లోతున నీళ్లు పారేలా వాల్వు సరిచెయ్యండి. మట్టిని చిన్న గరిటెతో తలవైపు కొద్దికొద్దిగా వదలండి. మొదటిది కొట్టుకుపోయి పట్టీల వెనక మళ్లీ సుడి కనిపించాకే రెండో గరిటె. తొందరపడి గుమ్మరిస్తే సందులన్నీ పూడిపోతాయి, ఆ తర్వాత వచ్చిన బంగారం నున్నటి దారి మీద జారినట్టు పోతుంది.

పట్టీ వెనక చూస్తూ ఉండండి. సందులో సగం మట్టి, పైసగంలో కదులుతున్న సుడి ఉంటే సరైన పద్ధతి. మట్టి గట్టిగా బిగుసుకుంటే వాలు ఒక పావంగుళం పెంచండి. సందులు ఖాళీగా తుడిచిపెట్టినట్టుంటే నీళ్లు తగ్గించండి. పిండి జల్లెడ దాటిన మెత్తటి దుమ్ముకు నీటినీ వాలునూ రెండిటినీ తగ్గించాలి. తల ఎత్తు మూడంగుళాలకు దించి, పట్టీల చట్రం తీసేసి, ఉత్త మ్యాటు, కార్పెట్ల మీదే నడపడం మంచిది. ఇంత జాగ్రత్తపడినా మెత్తటి రజను కొంత దాటుతుంది. అందుకే కింది టబ్బులో దిగిన మట్టిని రెండోసారి కడగాలి.

విడత అయ్యాక మట్టి వెయ్యడం ఆపి అరనిమిషం నీళ్లు పారనిచ్చి, తర్వాతే పంపు కట్టెయ్యండి. చట్రం విప్పి టబ్బు మీదే కడగండి. మ్యాటును, కార్పెట్‌ను శుభ్రమైన బకెట్లో తలకిందులుగా ముంచి, జాడించి, చేత్తో తట్టండి. బకెట్ అడుగున దిగిన నల్లటి పొడిలోనే మీ పని ఫలితం ఉంటుంది.

ఆ పొడిలో ఆకురాయి ఇనుము, రంపపు బ్లేడు ముక్కలు కూడా ఉంటాయి. గట్టి అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి నీళ్లలోనే పొడి మీద తిప్పండి. ఇనుముతోపాటు కొంత రజను చిక్కుకుంటుంది కాబట్టి అంటినదాన్ని వేరే గిన్నె నీళ్లలో వదిలి, మళ్లీ రెండుసార్లు పట్టండి. మిగిలినదాన్ని పళ్లెంలో మెల్లగా తిప్పుతూ, అంచు మీదుగా తేలిక మట్టిని వదిలెయ్యండి. ఈ చివరి కడుగు యంత్రంతో వచ్చేది కాదు. దగ్గర్లో జలగడిగేవాళ్లుంటే కూలి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ల మణికట్టు చూసి నేర్చుకోండి.

పాదరసం మాత్రం దగ్గరికి రానివ్వకండి. రజనును ముద్ద చేసి, వేడిచేసి పాదరసాన్ని ఎగరగొట్టే పాత పద్ధతి నరాలను పాడుచేస్తుంది, ఇంట్లో పిల్లలు ముందు దెబ్బతింటారు. పాదరసం వాడకాన్ని అరికట్టే మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. నైట్రిక్ ఆమ్లంతో ఇంట్లో ప్రయోగాలూ అంతే ప్రమాదం.

ఆరబెట్టిన పొడిని తూచి, ఆచారి గారి ముందే మూసలో వెలిగారం వేసి ఆయన చేతనే కరిగించండి. గాలి ఆడే చోటనే ఆ పని జరగాలి. ముద్ద వచ్చాక గీటురాయి మీద చూపించుకోండి. అందులో వెండి, రాగి కలిసి ఉంటాయి కాబట్టి తూకం మొత్తాన్ని బంగారంగా లెక్కకట్టవద్దు. డ్రమ్ము అడుగున మిగిలిన బురదను వీధి కాలవలో పొయ్యకుండా ఎండబెట్టి సంచికి కట్టి, తేదీ రాసి పెట్టండి. అలాంటివి కొన్ని సంచులు పోగయ్యాక బంగారం శుద్ధిచేసే కర్మాగారాలు వాటిని పరీక్షించి కొంటాయి.