ఆటల కంప్యూటరు ఎంపిక – ఔచిత్య విచారము

లక్ష రూపాయలు మన విద్యార్థుల ఇండ్లలో చిన్న మొత్తము కాదు. గల్ఫు దేశములలో పనిచేయు తండ్రియో అన్నయో నెలనెలా మిగిల్చి పంపిన సొమ్ము కావచ్చును. అమ్మ కట్టిన చిట్టీ పాడగా వచ్చిన సొమ్ము కావచ్చును. అటువంటి సొమ్ముతో ఆటలకు పనికివచ్చు మేలైన కంప్యూటరును కొనదలచి, ఏది కొనవలెనని అడుగు విద్యార్థులు ఏటేట పెరుగుచున్నారు. తెలుగు పాఠము చెప్పువారికి ఈ గొడవ ఏలనని కొందరు నవ్వవచ్చును. కాని ఉన్నంత సొమ్మును అనేక అంగముల నడుమ ఎట్లు పంచవలెననునది మా శాస్త్రమునకు మరీ పరాయి ప్రశ్న కాదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీర దేశీయుడైన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతీకరించెను. అలంకారము ఎంత విలువైనదైనను తగిన చోట లేనిచో నవ్వులపాలగునని ఆయన భావము. ఆటల కంప్యూటరు విషయమున మేము చెప్పదలచినదియు ఇంచుమించు ఇదియే. భాగములు ఒక్కొక్కటిగా మంచివగుట చాలదు, అవి ఒకదానికొకటి తగియుండవలెను.

ముందుగా ఆట తెరపై ఎట్లు కనబడునో తెలియవలెను. కదలుచున్నట్లు మనకు తోచునది నిజమునకు వెంటవెంట మారు నిశ్చల చిత్రముల వరుస. ఒక్కొక్క చిత్రము వెనుక రెండు పనులు జరుగును. ప్రాసెసరు ఆటలోని లెక్కలు చూచును: ఎవరు ఎక్కడ నున్నారు, గుండు ఎటు పోయినది, తలుపు తెరచుకొన్నదా లేదా. ఆ లెక్కల ననుసరించి గ్రాఫిక్సు కార్డు చిత్రమును గీయును. సెకనుకు 60 చిత్రములు రావలెనన్న ఒక్కొక్కదానికి దొరకు వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. 144 రావలెనన్న ఆ వ్యవధి 7 మిల్లీసెకన్లకు లోపే. ప్రాసెసరును, కార్డును ఈ గడువులోనే తమతమ పని ముగింపవలెను. ఇది జోడెద్దుల బండి వంటిది. ఒకటి ఒంగోలు గిత్తయై రెండవది ముసలి యెద్దైనచో బండి ముసలి యెద్దు నడకనే నడచును. గిత్తకు పెట్టిన ధర వృథా.

విద్యార్థులలో పలువురు మొదట కంప్యూటరు పెట్టెను కొని, మిగిలినదానితో మానిటరు కొనుచుందురు. మా అభిప్రాయమున వరుస తలక్రిందులు కావలెను. గీయవలసిన పని యెంతయో నిర్ణయించునది మానిటరే గదా! అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలుండును. 2560, 1440 గల తెరపై 36,86,400. నాలుగు కె. అని వ్యవహరించు 3840, 2160 తెరపై 82,94,400. అనగా మొదటిదానికి సరిగా నాలుగింతలు. తెర మార్చినంత మాత్రమున కార్డుపై బరువు ఇంత పెరుగును. లక్ష రూపాయలలో అన్నియు అమరవలెనన్నచో నాలుగు కె. తెర ఆశ వదలుకొనుట మేలు. పోటీ ఆటలు ఆడువారికి మొదటి తెర, కథాప్రధానమైన ఆటలు ఆడువారికి రెండవ తెర తగినవి.

తెర విషయముననే హెర్ట్జు సంఖ్య యొకటి కలదు. 60 హెర్ట్జుల తెర సెకనుకు 60 మారులే చిత్రమును మార్చగలదు. కార్డు 150 చిత్రములు గీసినను కంటికి అందునవి 60 మాత్రమే. 144 హెర్ట్జుల తెర కొనియు విండోసు అమరికలలో ఆ సంఖ్యను మార్చక 60 వద్దనే వదలివేయువారు కలరు. మానిటరు తీగను కార్డునకు గాక మదరుబోర్డునకు తగిలించి, కార్డు పనిచేయుట లేదని దుకాణమునకు మోసికొనిపోవువారును కలరు. ఈ రెండును చూచుకొన్న తరువాతనే యంత్రమును నిందింపవలెను.

ఏ ఆట ఆడుదురన్నది రెండవ ప్రశ్న. 2020లో వచ్చిన వేలరెంట్, 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి సాధారణమైన కార్డుతోను చక్కగా నడచును. వాటిలో సెకనుకు రెండు వందల చిత్రములు కోరువారికి ప్రాసెసరు బలము ముఖ్యము. 2020లోనే వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటిదాని బరువు ప్రధానముగా కార్డు మీద పడును. కాంతి కిరణముల గమనమును లెక్కించి వెలుగునీడలను గీయు పద్ధతిని రే ట్రేసింగు అందురు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట ఈ సౌకర్యము లేని కార్డుపై నడువదు. కావున చవకగా దొరకినదని మరీ పాత కార్డు కొనుట కొన్ని ఆటలకు తలుపు మూసికొనుటయే.

ఇక కార్డు సంగతి. వ్యయములో పెద్ద పాలు దీనిదే. మోసపోవు అవకాశము ఎక్కువగా ఉన్నదియు ఇక్కడనే. పేరును బట్టి వస్తువును నమ్మరాదనుటకు ఈ వ్యాపారము కంటె మంచి నిదర్శనము మాకు కనబడలేదు. 2016లో ఎన్విడియా సంస్థ జి.టి.ఎక్స్. 1060 అను ఒకే పేరుతో 6 గిగాబైట్లది, 3 గిగాబైట్లది అమ్మినది. భేదము జ్ఞాపకశక్తిలోనే అనుకొందుము. కాని మొదటిదానిలో 1280 కోర్లుండగా రెండవదానిలో 1152 మాత్రమే. 2022 సెప్టెంబరులో ఆర్.టి.ఎక్స్. 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించి, విమర్శలు చెలరేగగా 12 గిగాబైట్లదానిని అక్టోబరులో ఉపసంహరించుకొన్నది. ఆ చిప్పే 2023 జనవరిలో 4070 టి.ఐ. అను పేరుతో విపణికి వచ్చినది. లాప్‌టాపులలో ఈ తేడా మరింత పెద్దది. బల్లమీది కంప్యూటరులోని ఆర్.టి.ఎక్స్. 4090కి 24 గిగాబైట్లుండగా, అదే సంఖ్య గల లాప్‌టాపు కార్డునకు 16. లోపలి చిప్పు కూడ వేరు. పేరు ఒక్కటే, అర్థములు రెండు. వ్యాకరణములో దీనిని నానార్థమని సరిపెట్టుకొందుము గాని, అంగడిలో ఆ భేదమునకు వేలకు వేలు చెల్లించవలసివచ్చును.

కార్డుపై గల జ్ఞాపకశక్తి చిత్రపు పదార్థమునంతను, అనగా గోడల రంగులు, బట్టల నేత మొదలగు వానిని దగ్గర పెట్టుకొను చోటు. అది నిండిపోయినచో కార్డు మాటిమాటికి బయటి ర్యాము నాశ్రయింపవలసివచ్చి ఆట కుదుపులతో నడచును. నాలుగైదేండ్లు వాడుకొనవలెనని కొను విద్యార్థి కొత్త ఆటల నిమిత్తము 8 గిగాబైట్ల కంటె ఎక్కువ ఉన్న కార్డును ఎంచుకొనుట మంచిదని మా అభిప్రాయము. అయితే జ్ఞాపకశక్తి యొక్కటే కొలబద్ద కాదు. పాత వస్తువుల విపణిలో ‘ఐ7 గేమింగు కంప్యూటరు, 4 గిగాబైట్ల గ్రాఫిక్సు కార్డు’ అని ప్రకటించి అమ్మునవి కలవు. విప్పి చూచిన అందులో 2011 నాటి ఐ7-2600 ప్రాసెసరును, 2014 నాటి జి.టి. 730 కార్డును ఉండవచ్చును. 2022 నాటి ఐ3-12100 ఆ పాత ఐ7 కంటె స్పష్టముగా వేగమైనది, జి.టి. 730 ఆనాడే అడుగు తరగతి కార్డు. ‘ఐ7’ అనునది వంశనామము మాత్రమే. దాని తరువాతి అంకెలు చదువక డబ్బు చేతి నుండి వదలరాదు.

వాడిన కార్డులు కొనుట తప్పు కాదు. క్రిప్టో నాణెముల తవ్వకము కొరకు రేయింబగళ్ళు పనిచేసిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతిని మార్చుకొన్న పిదప, లెక్కకు మిక్కిలిగా పాత విపణికి చేరినవి. కావున అమ్మువాని ఎదుటనే అరగంట బరువైన ఆట నడిపించి, పంకాల చప్పుడును, తెరపై మచ్చలు పడుచున్నవేమో అన్న సంగతిని గమనింపవలెను.

ప్రాసెసరు విషయమున ఎక్కువ చెప్పవలసిన పని లేదు. కార్డునకు జోడు కాగల మధ్యతరగతి ప్రాసెసరు చాలును. మదరుబోర్డు కొనునపుడు మాత్రము సాకెట్టు ఆయుర్దాయము చూడవలెను. ఎ.ఎం.డి. సంస్థ 2016లో తెచ్చిన ఎ.ఎం.4 సాకెట్టులోనే 2022లో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డి కూడ అమరినది. అట్టి బోర్డులు గలవారు పెక్కుమంది సాఫ్టువేరు నవీకరణతో కొత్త ప్రాసెసరు పెట్టుకొని మిగిలిన యంత్రమును అట్లే వాడుకొనిరి. ఇప్పుడు సగము, నాలుగేండ్లకు సగము కొనదలచువారికి ఇది పెద్ద ఆదా. ర్యాము 16 గిగాబైట్లకు తగ్గరాదు. అది ఒకే పట్టీగా గాక రెండు పట్టీలుగా ఉన్నచో ప్రాసెసరునకు రెండు దారులు దొరకును. ఎస్.ఎస్.డి. వేగమునకు అధికముగా వెచ్చించుట అనవసరము. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రమొకటి ఇచ్చట అన్వయించును: 100 సెకన్ల పనిలో 60 సెకన్ల భాగమును క్షణములో ముగించినను తక్కిన 40 సెకన్లు తక్కువ కావు. ఆట తెరచుకొను వేళలో పాత హార్డుడిస్కు నుండి ఎస్.ఎస్.డి.కి మారుట గొప్ప మార్పే, మంచి ఎస్.ఎస్.డి. నుండి అతివేగవంతమైనదానికి మారుట చాల ఆటలలో కొద్ది సెకన్ల తేడాయే. ఆట నడుచునపుడు చిత్రముల సంఖ్య దానివలన పెరుగుట అరుదు.

అందరును చిన్నచూపు చూచునది ఎస్.ఎం.పి.ఎస్. క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చిన ఊరు పేరు లేని 450 వాట్ల పెట్టెను ఖరీదైన కార్డునకు తగిలించుట, కొత్త భవనమునకు మట్టి పునాది వేయుట వంటిది. దానిపై వ్రాసిన వాట్లు అది నిజముగా ఇవ్వగలదన్న పూచీ లేదు. చెడిపోవునపుడు ఒంటరిగా పోక తోడివానిని తీసికొనిపోవును. ‘80 ప్లస్’ ముద్ర విద్యుత్తు వృథా ఎంత తక్కువయో తెలుపును గాని కట్టుబడి నాణ్యత కంతకు హామీ కాదు. కావున పేరున్న సంస్థది, వారంటీ ఏండ్లు ఎక్కువ గలది చూడవలెను. కరెంటు పోవు ఊళ్ళలో యు.పి.ఎస్. తప్పనిసరి. 600 వి.ఎ. అని వ్రాసిన సాధారణ యు.పి.ఎస్. సుమారు 360 వాట్లకే చాలునని మరువరాదు. బరువైన ఆట నడుచుచుండగా కంప్యూటరు, మానిటరు కలిసి ఆ హద్దును దాటవచ్చును. మన ఎండకాలము 40 డిగ్రీలు దాటునది గనుక క్యాబినెట్టు ముందుభాగము గాలి ఆడు జాలీ గలదిగా ఉండవలెను. రంగురంగుల దీపములు ఆటను ఒక్క చిత్రమైనను వేగవంతము చేయవు.

ఇంతకు సొమ్ము పంపకము ఎట్లు? నూటికి 35 వంతులు కార్డునకు, 25 ప్రాసెసరు, మదరుబోర్డులకు, 15 మానిటరునకు, 15 ర్యాము, ఎస్.ఎస్.డి.లకు, 10 ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్టులకు. ఇది మా అంచనాయే గాని శాసనము కాదు. కృత్రిమ మేధ కేంద్రముల గిరాకీవలన 2025 చివరినుండి జ్ఞాపక చిప్పుల ధరలు బాగుగా పెరిగినవి. ఆ 15 వంతులు చాలనిచో ప్రాసెసరు మెట్టు ఒకటి దిగవలెను గాని, ఎస్.ఎం.పి.ఎస్. వంతును ముట్టరాదు. కీబోర్డు, మౌసు, యు.పి.ఎస్., విండోసు అనుమతి ఈ లెక్కలో లేవు. మొదటనే విడిగా తీసిపెట్టుకొననిచో చివర అప్పు చేయవలసివచ్చును.

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో దుకాణములు పక్కపక్కనే యుండును. భాగముల పట్టికను పూర్తి నమూనా సంఖ్యలతో వ్రాసికొని మూడు దుకాణములలో ధర అడిగిన తరువాతనే భావ్‌తావ్ మొదలుపెట్టవలెను. ధరలో 18 శాతము జి.ఎస్.టి. కలిసియున్నదా అని అడుగవలెను. బిల్లు లేకుండ తగ్గించి ఇత్తుమన్నచో ఒప్పుకొనరాదు, వారంటీకి బిల్లే ఆధారము గనుక. దుబాయి నుండి బంధువులు తెచ్చు కార్డు చవక కావచ్చును గాని దానికి మన దేశమున వారంటీ వర్తించునో లేదో ముందుగా ఆ సంస్థనే అడిగి తెలిసికొనవలెను.

కళాశాల కమిటీ పెద్దలకును ఒక మనవి. ఎన్విడియా 2007లో కూడా అను సాధనమును విడుదల చేసిన నాటినుండి ఆటల కార్డులు లెక్కల పనికిని ఉపయోగపడుచున్నవి. వీడియో కూర్పు, త్రిమితి చిత్రణ, యంత్రాభ్యసన పాఠములు వీటిపైననే నేర్వవచ్చును. ప్రయోగశాలలో తెలుగు, ఉర్దూ టైపు నేర్చు ఇరువది కంప్యూటర్లకు చిన్న చిన్న కార్డులు పంచిపెట్టుట కంటె, వానిని సాదాగా ఉంచి, ఆ సొమ్ముతో ఒక్క బలమైన యంత్రమును తెప్పించుట మేలు. టెండరు కాగితములో ‘ఐ7, 16 గిగాబైట్లు’ అని మాత్రమే వ్రాసినచో సరఫరాదారు అందులో చవకైన ఐ7నే తెచ్చును, అది అతని దోషము కాదు. ప్రాసెసరు పూర్తి సంఖ్య, కార్డు జ్ఞాపకశక్తి, ర్యాము పట్టీల లెక్క, ఎస్.ఎం.పి.ఎస్. సంస్థ పేరు, మానిటరు హెర్ట్జులు కాగితముపై ఉండవలెను. సరుకు చేరిన దినమున వాటితో సరిచూచి, సీరియలు సంఖ్యలను బిల్లుపై వ్రాయించుకొని, అట్టపెట్టెలను వారంటీ ముగియువరకు అటకపై భద్రపరుపవలెను.