పూస చాలా, రెడ్ డాట్ కావాలా? – ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పెద్దబ్బాయి టెక్సాస్‌లో స్థిరపడ్డాడు, పౌరసత్వం కూడా వచ్చింది. ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా సందర్శక వీసా మీద వెళ్తున్నాం. తెలిసినవాళ్ల పొలంలో అడవి టర్కీ కోళ్ల వేటకు నన్నూ రమ్మంటున్నాడు. వాడి 12 బోరు షాట్‌గన్‌కు గొట్టం చివర ఇత్తడి పూస తప్ప ఇంకేమీ లేదు. నాకు 64 ఏళ్లు, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చాను. మావాడు స్కోపు బిగిద్దామంటాడు, వాడి స్నేహితుడు రెడ్ డాట్ మేలంటాడు. నాకేది సరిపోతుంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ కళ్లకు రెడ్ డాటే సరైనది. కారణం కూడా చెప్తాను. అది తెలిస్తే దుకాణంలో ఎవరేం చెప్పినా మీరు తికమకపడరు.

శుక్లాలు తీశాక పెట్టే మామూలు లెన్సును సాధారణంగా దూరపు చూపు కోసమే అమరుస్తారు. పేపరు చదవడానికి మీకు ఇప్పటికీ అద్దాలు కావాలంటే మీదీ అలాంటిదే. ఆ కంటికి కోడి స్పష్టంగా కనిపిస్తుంది కానీ, గజం దూరంలో ఉన్న పూస మసకబారుతుంది. మెరిసే ఫైబర్ ఆప్టిక్ ముక్కలు ముందొకటి, వెనక రెండు ఉండే రకం కొంటే, కంటికి దగ్గరగా ఉండే వెనక జత ఇంకా మసకగా ఉంటుంది. పైగా ఆ మూడింటినీ ఒక వరసలోకి తేవాలి. రెడ్ డాట్‌లో ఎర్రచుక్క దూరాన ఉన్న వస్తువులాగే కంటికి అందుతుంది. అందుకని చుక్కా కోడీ రెండూ ఒకేసారి తేటగా కనిపిస్తాయి. రెండు కళ్లూ తెరిచే గురి చూడొచ్చు.

షాట్‌గన్‌కు గురి సాధనం ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఎగిరే పిట్టను కొట్టేవాడు పూసను చూడడు, పిట్టనే చూస్తూ తుపాకీ తిప్పుతాడు. టర్కీ వేట అలా కాదు. చెట్టుకు వీపు ఆనించి కదలకుండా కూర్చుంటారు, పుంజు నేల మీద నడిచి వస్తుంది, మెడా తలా కలిసే చోట కొట్టాలి. దీనికి వాడే బిగుతు చోక్‌లో, అంటే గొట్టం చివరి ఇరుకు మూతిలో, గుళ్లు చెదరకుండా దగ్గరగా పోతాయి. 10 గజాల దూరంలో ఆ గుంపు గుప్పెడంతే ఉంటుంది. రైఫిల్ కాల్చినంత జాగ్రత్తగా కాల్చకపోతే ఎదురుగా నిలబడ్డ కోడి కూడా తప్పిపోతుంది.

అలా తప్పడానికి తరచు కనిపించే కారణం చెంప. కోడిని ఇంకాస్త బాగా చూడాలన్న ఆత్రంలో తల స్టాక్ మీద నుంచి లేస్తుంది. షాట్‌గన్‌కు వెనక గురి లేదు, మీ కన్నే వెనక గురి. అది అర అంగుళం పైకి లేచిందంటే గుళ్లన్నీ కోడి తల మీదుగా పోతాయి. రెడ్ డాట్‌ను ఒకసారి సరిచేసి బిగిస్తే తల కాస్త అటూ ఇటూ అయినా చుక్క ఉన్నచోటికే గుళ్లు వెళ్తాయి. నా దృష్టిలో దాని అసలు విలువ ఇదే.

స్కోపు మీకు వద్దు. 12 బోరు టర్కీ తూటా గట్టిగా వెనక్కి తంతుంది. కంటికీ స్కోపుకూ మధ్య చాలినంత ఎడం లేకపోతే దాని అంచు కనుబొమ్మకు తగులుతుంది. ఆపరేషన్ అయిన కళ్లకు ఆ ప్రమాదం తెచ్చుకోవడం దేనికి? పైగా పెద్దది చేసి చూపే స్కోపులో చుట్టుపక్కల తక్కువ కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చే పుంజును వెతుక్కోవాల్సి వస్తుంది.

కొనేటప్పుడు చుక్క సైజు అడగండి. దాన్ని ఎంఓఏలలో చెప్తారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం. 3 ఎంఓఏ చుక్క 40 గజాల దగ్గర అంగుళంపావు చోటు కప్పుతుంది, 6 ఎంఓఏది రెండున్నర అంగుళాలు కప్పి కోడి తలనే మూసేస్తుంది. 2 లేదా 3 తీసుకోండి. వెలుగు బాగా తగ్గించే వీలుండాలి, తెల్లవారుజామున చుక్క ఎక్కువగా మెరిస్తే లక్ష్యం కనిపించదు. చుక్క గుండ్రంగా కాక తోక వచ్చినట్టు, చెదిరినట్టు కనిపిస్తే అదే అద్దంలోంచి ఫోన్ కెమెరాతో చూడండి. కెమెరాలో గుండ్రంగా ఉంటే లోపం పరికరానిది కాదు, మీ కంటిలో ఆస్టిగ్మాటిజం మిగిలి ఉందన్నమాట. అప్పుడు పీప్ సైట్ ఆలోచించండి. వెనక పెద్ద వలయం, ముందు పూస ఉండే రకం అది. వలయం మసకగా ఉన్నా ఫర్వాలేదు, కన్ను దానంతటదే మధ్యలోంచి చూస్తుంది.

బిగించాక కాగితం మీద కాల్చి చూడకుండా వేటకు వెళ్లొద్దు. మొదట 25 గజాల దగ్గర తేలికపాటి తూటాలతో చుక్కను సరిచేయాలి. తర్వాత అసలు తూటాతో 40 గజాల దగ్గర కాల్చి, 10 అంగుళాల వృత్తంలో ఎన్ని గుళ్లు పడ్డాయో లెక్కపెట్టాలి. నూరు దాటితే మంచి కూర్పని అక్కడి వేటగాళ్ల లెక్క. అంతకు తగ్గితే ఇంకా దగ్గరకొచ్చాకే కాల్చాలి. మూడున్నర అంగుళాల తూటాలు మాత్రం వద్దని మీ అబ్బాయికి చెప్పండి, మీ భుజానికి అవి అనవసరం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సందర్శక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. అక్కడ జారీ అయిన వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, ఆ తర్వాతే కాగితం మీద సాధన అయినా. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2కు ముందు పుట్టినవాళ్లకు వేట శిక్షణ తప్పనిసరి కాదు, మీరు ఆ కోవలోకే వస్తారు. అయినా ఆ కోర్సు చేయండి. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు అసలు వేసుకోవద్దు. పుంజు తల రంగులు అవే, చెట్ల సందుల్లో మనిషిని కోడి అనుకుని కాల్చిన ప్రమాదాలు జరిగాయి. కోడి కూత వినిపించినా దాని వైపు నడవకండి, అలా కూసేది ఇంకో వేటగాడు కావచ్చు. మొత్తం కోడి, దాని రొమ్ము మీద గడ్డంలా వేలాడే ఈకలు, వెనక ఏముందో స్పష్టంగా కనిపించేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

ప్రశ్న: మా అల్లుడు డాలస్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసులో వాళ్లతో టర్కీ వేటకు వెళ్తానని తుపాకీ కొనబోతున్నాడు. మా అమ్మాయి భయపడుతోంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి భయంలో న్యాయం ఉంది. హెచ్1బీకీ పైన చెప్పిన నిబంధనే వర్తిస్తుంది. వేట లైసెన్సు చేతికి రాకుండా స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా ఫెడరల్ నేరమే, ఉద్యోగమూ వీసా రెండూ పోవచ్చు. లైసెన్సు గడువు తీరినా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. కొనేముందు ఒక ఇమిగ్రేషన్ లాయరును అడగమనండి.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. గురి కుదరడం లేదని స్కోపు కొనమంటోంది.
– బాపట్ల

జవాబు: కొనకండి. ఆ పోటీల్లో గురి సాధనంలో లెన్సు ఉండకూడదు. స్కోపుకు అలవాటు పడితే పోటీలో మొదటికి వస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది కూడా లెన్సు లేని పీప్ సైట్‌తోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దాన్ని ఎవరూ కంటితో చూసి కొట్టరు. 30.5 మిల్లీమీటర్ల నల్ల వృత్తాన్ని ముందు వలయం మధ్యలో నిలిపి కొడతారు.

పాప ఇబ్బంది బహుశా ఆ వలయం మరీ చిన్నది కావడం. నల్ల వృత్తం చుట్టూ తెల్లటి ఎడం స్పష్టంగా కనిపించేంత పెద్ద వలయం వేయించి చూడండి. సన్నటి ఎడం కోసం తంటాలు పడితే కన్ను అలసిపోయి చెయ్యి వణుకుతుంది. ముందుగా ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా తాతగారిది రెండు గొట్టాల 12 బోరు తుపాకీ. ఆయన పోయి ఏడాది దాటింది, తుపాకీ ఇంట్లోనే ఉంది. లంక పొలాల్లో అడవి పందుల బాధ ఎక్కువైంది, చలికాలంలో బాతులూ దిగుతాయి. దానికి రెడ్ డాట్ బిగించవచ్చా?
– రేపల్లె

జవాబు: బాబూ, మీకు గురి గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. లైసెన్సు తాతగారి పేరున ఉంది, ఆయనతోనే అది తీరిపోయింది. ఈరోజు మీ ఇంట్లో ఆ తుపాకీ ఉండటమే ఆయుధాల చట్టం కింద జైలుకు పంపే నేరం.

బాతుల సంగతి మరిచిపోండి. ఒకప్పుడు మన దగ్గరా వేట లైసెన్సులు ఇచ్చేవారు, తాతగారు ఆ రోజుల మనిషి. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేటకు అనుమతి ఎక్కడా లేదు. మన తీరానికి దిగే సూదితోక బాతులు మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయి. వాటి మీద తుపాకీ ఎత్తాలన్న ఆలోచనే నాకు బాధగా ఉంది. అమెరికాలో టర్కీ వేట సాగుతోందంటే, ఒకప్పుడు అడుగంటిన ఆ కోళ్లను దశాబ్దాలపాటు కాపాడి పెంచుకున్నారు కాబట్టి. అందుకైన ఖర్చులో పెద్ద వాటా 1937 చట్టంతో వన్యప్రాణుల కోసం మళ్లించిన తుపాకులు, తూటాల పన్ను నుంచే వచ్చింది. ఇక్కడేమో బాతులు దిగే మన చిత్తడి నేలలే ఏటేటా కుంచించుకుపోతున్నాయి.

పందుల బాధ నిజమైనదే. పంట నష్టం ఫోటోలతో అటవీ శాఖకు అర్జీ పెట్టండి. పంటను నాశనం చేసే జంతువు విషయంలో అనుమతి ఇచ్చే అధికారం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కూ, ఆయన అధికారమిచ్చిన అధికారికీ మాత్రమే ఉంది. మీ అంతట మీరు కాలిస్తే నేరం.

తుపాకీ తాతగారి గుర్తుగా మీ కుటుంబంలోనే ఉండాలనుకుంటే దారి ఉంది. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన కింద చనిపోయిన లైసెన్సుదారు వారసులు తమ పేరున దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది కాబట్టి మీరు వెళ్లాల్సింది బాపట్ల కలెక్టరేట్‌కు, గుంటూరుకు కాదు. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. గొట్టాలు విప్పి లోపల తూటా ఉందేమో చూడటం తెలియకపోతే తుపాకీని ముట్టుకోకండి, పోలీసులకు ఫోన్ చేసి రమ్మనండి. దరఖాస్తు తర్వాత సంగతి. రేపే తుపాకీని స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.