కంచంలో కూర ఎంత?

తాళంచెవి ఎక్కడో పెట్టి మరచిపోతాం. కాసేపటికి గుర్తొస్తుంది. ఇది అందరికీ ఉండేదే.

కొందరు పెద్దవాళ్లు అన్నం తిన్న సంగతే మరచిపోతారు. "కోడలు నాకు అన్నం పెట్టలేదు" అంటారు. రోజూ నడిచే దారిలోనే తప్పిపోతారు. కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అని అడుగుతారు. ఇది వట్టి ముసలితనం కాదు. మతిమరుపు జబ్బు. డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటారు. మెదడు దెబ్బతింటే ఇది వస్తుంది. గాలి సోకి రాదు. చేతబడి వల్లా రాదు. అలాంటివారిని కసరుకోకూడదు. డాక్టరుకు చూపించాలి.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురికి ఈ జబ్బు ఉందని 2023లో లెక్క తేల్చారు. మగవారిలో కన్నా ఆడవారిలో ఎక్కువ. చాలామందికి దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. అందుకే ముందు జాగ్రత్త పడాలి.

తిండికీ మెదడుకీ సంబంధం ఏమిటి?

మెదడుకు సన్నని నాళాల ద్వారా రక్తం అందుతుంది. బి.పి., షుగరు ఎక్కువైతే ఆ నాళాలు పాడవుతాయి. ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు రక్తనాళాలకు మేలు చేస్తాయి.

అమెరికాలోని షికాగో ప్రాంతంలో 960 మంది వృద్ధులను కొన్నేళ్లపాటు పరిశీలించారు. ఆ వివరాలు 2018లో అచ్చయ్యాయి. రోజూ ఆకుకూర తినేవారికి జ్ఞాపకశక్తి నెమ్మదిగా తగ్గింది. దాదాపు తిననివారితో పోలిస్తే వీరి మెదడు 11 ఏళ్లు చిన్నవారి మెదడులా పనిచేసింది. ఆకుకూర తింటే జబ్బు రానే రాదని దీని అర్థం కాదు. వచ్చే ప్రమాదం తగ్గవచ్చు.

ఎంత తినాలి?

ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. కూరగాయల్లో ఆకుకూర కూడా ఉండాలి. ఈ మాట హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. యాపిల్ పండ్లే కొనక్కర్లేదు. జామకాయ, బొప్పాయి చాలు. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు అన్నీ మంచివే. షుగరు ఉన్నవారు ఏ పండు ఎంత తినాలో డాక్టరును అడగాలి.

ఆకును ముందు బాగా కడగాలి. తరవాత కోయాలి. ఉడికిన నీళ్లు పారబోయకూడదు. పళ్లు లేని పెద్దవాళ్లకు పప్పులో వేసి మెత్తగా ఉడికించి పెట్టాలి. ఊరగాయను కూర లెక్కలో వేయకూడదు. అందులో ఉప్పు ఎక్కువ.

చాలా ఇళ్లలో ముందు మగవాళ్లు తింటారు. తరవాత పిల్లలు తింటారు. చివరికి ఆడవాళ్లకు మిగిలేది గిన్నె అడుగున పులుసే. కూర వండిన చేతికి కూర దక్కదు. వడ్డించే ముందే అత్త కంచానికీ, కోడలి కంచానికీ కూర తీసి పెట్టాలి. అందరూ కలిసి కూర్చుని తింటే ఇంకా మంచిది.

కూర ఒక్కటే చాలదు. చుట్ట, బీడీ మానాలి. రోజూ నడవాలి. బి.పి., షుగరు చూపించుకోవాలి.

చెప్పండి – రాయండి

1. మామూలు మరుపుకూ, మతిమరుపు జబ్బుకూ తేడా ఏమిటి?
2. మీ ఊళ్లో దొరికే ఐదు ఆకుకూరల పేర్లు రాయండి.
3. నిన్న మీ ఇంట్లో ఎవరి కంచంలో ఎంత కూర పడింది? మీ కంచంలో ఎంత?