ఎర్ర దీపం ఆరిపోయిందని ఊరుకోకు

విజయవాడ

చి. అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్లో మాటల మధ్య ఓ సంగతి చెప్పింది. నీ కారుకి ఏడాది తిరక్కుండానే రెండో బ్యాటరీ వేయించావట. పోయిన వారం సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగి, కాసేపటికి దానంతటదే ఆరిపోయిందట. నువ్వు పాటల సౌండు పెంచుకుని హైదరాబాదు వెళ్లిపోయావట. మీ అమ్మకి అదొక కబురు. నాకు మాత్రం రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

బ్యాటరీ అమ్మినవాణ్ణి తిట్టావని కూడా విన్నాను. పాపం, వాడేం చేశాడు? బ్యాటరీ అంటే బీరువాలో దాచిన సొమ్ము, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి దాన్ని నింపే ఆల్టర్నేటర్ నెలనెలా వచ్చే జీతం. జీతం ఆగిపోయిన ఇంట్లో బీరువా మారిస్తే ఏం లాభం?

సాధారణంగా ఆల్టర్నేటర్ ఏడు నుంచి పదేళ్లు, లేదంటే లక్ష, లక్షన్నర కిలోమీటర్లు నడుస్తుంది. నీది 2014 మోడల్, అదీ సెకండ్ హ్యాండ్. పైగా ఏసీ వేసుకుని హైదరాబాదు ట్రాఫిక్‌లో గంటలు గంటలు నిలబెడతావు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటు తక్కువ పుడుతుంది, వాడకం మాత్రం తగ్గదు, బానెట్ కింద వేడి చెప్పనక్కర్లేదు. ఆ వేడికి ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు పోతాయి. ఒక డయోడ్ షార్టయినా చాలు, బండి ఆపి పడుకున్నాక రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది. నీ పాత బ్యాటరీ అలాగే పోయిందేమోనని నా అనుమానం.

దీపం ఆరిపోయిందని సంబరపడకు. ఆల్టర్నేటర్ లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే ఒకసారి అంటుకుంటాయి, ఒకసారి అంటుకోవు. అలా వెలిగీ ఆరీ చివరికి ఏ అర్ధరాత్రో మొండికేస్తాయి.

నేను ఆటోనగర్ షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్లకి ఆల్టర్నేటర్ బదులు డైనమోలుండేవి. బండి నిలబడి ఉంటే అవి చార్జింగే ఇచ్చేవి కావు. ఒకసారి మన పెళ్లివారి బండికి ఒంగోలు దగ్గర డైనమో చచ్చింది. డ్రైవరు హెడ్‌లైట్లు ఆర్పేసి ముందుపోతున్న లారీ వెనక లైటు పట్టుకుని నడిపాడు. మీ తాతయ్య ముందు సీట్లో కూర్చుని ‘ఇంకొంచెం దగ్గరగా పోనీ’ అని వాడి ప్రాణం తీశాడు. ఆ దారిలో తిన్న పెసరట్టు రుచి ఇప్పటికీ మర్చిపోలేను. మీ అత్తయ్యని మొదటిసారి చూసింది కూడా ఆ పెళ్లిలోనే. సరే, అది వేరే కథ.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ ఆటలు నీ బండితో సాగవు. పెట్రోలు పంపుకీ, ఇంజిన్ కంప్యూటరుకీ, ఆఖరికి స్టీరింగుకీ కరెంటే కావాలి. ఆల్టర్నేటర్ పోతే ఒట్టి బ్యాటరీ మీద పగలైతే అరగంటో, గంటో. రాత్రి లైట్లూ వైపర్లూ వేస్తే ఇంకా తక్కువ. చాలా బండ్లలో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే నీళ్ల పంపునీ తిప్పుతుంది. అది తెగితే ముందు ఈ ఎర్ర దీపమే వెలుగుతుంది, వెనకే ఇంజిన్ కాగిపోతుంది. అందుకే దీపం వెలగగానే ఏసీ ఆపు, టెంపరేచర్ చూడు, జనం ఉన్న చోట పక్కకి తీసి ఆపు. ఒక్కదానివే ఆ రోడ్డు మీద ఉంటావని తలుచుకుంటేనే నాకు గుండె దడ.

ఇంతకీ వేళకి తింటున్నావా? గొంతు బొంగురుగా ఉందంది మీ అమ్మ. మిరియాల పాలు తాగు.

ఇక పని. ఒక మల్టీమీటర్ కొనుక్కో, పెద్ద ఖరీదేం కాదు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే బ్యాటరీ మీద పెట్టి చూడు, 12.6 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొట్టాక 13.8కీ 14.5కీ మధ్య చూపించాలి. అప్పుడు హెడ్‌లైట్లూ ఏసీ వేసి చూడు. 13 కిందకి జారితే చార్జింగ్ చాలట్లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, కొత్త బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. ఎవడైనా ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూద్దామంటే చెయ్యి పట్టుకుని ఆపు. డైనమో కాలంనాటి ఆ పరీక్ష ఇప్పటి బండిలో డయోడ్లనీ కంప్యూటర్నీ కాల్చేస్తుంది.

రీడింగ్ తేడాగా ఉంటే వెంటనే కొత్తది కొనెయ్యకు. ముందు బెల్టు బిగువు, తర్వాత టెర్మినల్స్, ఎర్త్ వైరు చూపించు. బ్రష్‌లో, బేరింగో, రెగ్యులేటరో అయితే మంచి ఆటో ఎలక్ట్రీషియన్ బాగుచేస్తాడు. వైండింగ్ మాడిన వాసన వచ్చినా, స్లిప్ రింగులు గాడులు పడేలా అరిగినా, బాగుచేయించాక మళ్లీ అదే పాట పాడినా ఇక లెక్కలెయ్యకు, బిల్లూ వారంటీ ఉన్న కొత్తది వేయించు, బెల్టు కూడా మార్పించు. రంగేసి కొత్తదని అంటగట్టే పాతవాటి జోలికి పోకు. డబ్బుకి వెనకాడితే నాకు చెప్పు, మీ అమ్మకి చెప్పను.

బ్యాటరీ పూర్తిగా దిగిపోతే వేరే బండి నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేసి ఊరుకోకు, షాపులో చార్జింగ్ పెట్టించు. ఖాళీ బ్యాటరీని నింపే బరువు మోసి మంచి ఆల్టర్నేటర్ కూడా మాడిపోతుంది.

నా చాదస్తం నీకు తెలిసిందే. కారు నీది, జీతం నీది, నేను కాదనను. ఇంత చిన్నప్పుడు నా స్కూటర్ ముందు నిలబడి హారన్ వదలని పిల్లవి, ఇప్పుడు హైవే మీద కారు తోలుతుంటే నాకు గర్వమే. కానీ ఈ సంగతి తేలేదాకా ఊరికి కారులో రాకు. బస్సెక్కు, ఏ వేళైనా సరే బస్టాండుకి నేనొస్తాను.

మూడు రీడింగులూ కాగితం మీద రాసి ఫోటో పంపు. ‘బానే ఉంది మామయ్యా’ అంటే ఒప్పుకునేది లేదు.

మీ మామయ్య